నది ఊరిని కోసేస్తే పౌరసత్వానికి రుజువేది? బ్రహ్మపుత్ర లంకల్లో ముస్లిం స్త్రీల చిక్కు

సంక్షిప్తంగా: అస్సాంలో బ్రహ్మపుత్ర లంకల మీద బతికే ముస్లిం స్త్రీల పౌరసత్వం తరచూ అనుమానంలో పడటానికి వలస ఒక్కటే కారణం కాదు. నది కోతకు ఊళ్లు పోతాయి, పెళ్లితో ఆడపిల్ల మరో ఊరికి వెళ్తుంది, వయసుతో పాటు రికార్డుల్లో ఆమె పేరూ మారుతుంది. పౌరసత్వ పరిశీలన మాత్రం కదలని ఊరినీ, మారని పేరునూ, తండ్రితో ముడిపడిన కాగితాన్నీ అడుగుతుంది. నది, పెళ్లి, కాగితం కలిసి ఈ చిక్కును ఎలా బిగిస్తున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2019 ఆగస్టు 31న అస్సాం జాతీయ పౌర పట్టిక, అంటే ఎన్‌ఆర్‌సీ తుది జాబితా వెలువడింది. దరఖాస్తు చేసుకున్న సుమారు 3.30 కోట్ల మందిలో 19,06,657 మంది పేర్లు అందులో లేవు. మతాల వారీగా అధికారిక లెక్క బయటకు రాలేదు. పేర్లు లేనివారిలో బెంగాలీ హిందువులు, గోర్ఖాలు కూడా ఉన్నారు. అయితే జాబితాలో ఒక వింత కనిపించింది. ఒకే తల్లిదండ్రుల బిడ్డల్లో అన్నదమ్ములకు చోటు దక్కి, పెళ్లయి వెళ్లిన అక్కచెల్లెళ్లకు దక్కని ఇళ్లు ఎన్నో తేలాయి. రక్తం ఒకటే, తాతముత్తాతల ఆధారమూ ఒకటే. తేడా ఎక్కడ వచ్చిందో తెలియాలంటే ముందు నది సంగతి, తర్వాత కాగితం సంగతి చూడాలి.

కోత, మేట

టిబెట్‌లో పుట్టిన బ్రహ్మపుత్ర అరుణాచల్ కొండలు దిగి అస్సాం మైదానంలో అడుగుపెట్టగానే వేగం తగ్గి, మోసుకొచ్చిన ఇసుకను, ఒండ్రును వదిలేస్తుంది. అక్కడి నుంచి అది ఒక పాయగా పారదు. జడ అల్లినట్టు పాయలు విడిపోతూ, కలుస్తూ సాగుతుంది. పాయల నడుమ మేట వేసిన దిబ్బల్నే అక్కడ చర్ అంటారు. గోదావరి జిల్లాల వారికి చెప్పాలంటే లంకలు.

ఇప్పుడు కనిపిస్తున్న కోత తీవ్రతకు ఒక మలుపు ఉంది. 1950 ఆగస్టు 15న అస్సాం–టిబెట్ సరిహద్దులో 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. కొండచరియలు విరిగి లెక్కకు అందనంత మట్టి నదిలో పడింది. నది అడుగు పైకి లేచింది. అడుగు లేస్తే నీరు పక్కలకు తోసుకుంటుంది, గట్లను కోస్తుంది. కొన్నేళ్లలోనే డిబ్రూగఢ్ పట్టణంలో పెద్ద భాగం నదిలో కలిసిపోయింది. అస్సాం జలవనరుల శాఖ లెక్క ప్రకారం 1950 నుంచి రాష్ట్రం 4.27 లక్షల హెక్టార్ల భూమిని కోతకు పోగొట్టుకుంది. ఇది రాష్ట్ర విస్తీర్ణంలో దాదాపు 7.4 శాతం. ఏటా సగటున పోతున్నది 8 వేల హెక్టార్ల దాకా ఉంటుంది.

వరదకూ కోతకూ ఉన్న తేడాను ఇక్కడ గమనించాలి. వరద వస్తుంది, పోతుంది. పొలం మీద ఒండ్రు పరిచి మరీ పోతుంది కాబట్టి లంక రైతు దాన్ని పూర్తిగా శత్రువుగా చూడడు. కోత అలా కాదు. పొలం, పాక, బడి, మసీదు, ఖబ్రస్తాన్ అన్నీ గట్టుతో సహా విరిగి నీళ్లలో పడతాయి. నీరు తీశాక తిరిగి వెళ్లడానికి ఊరు ఉండదు. నాలుగు మైళ్ల అవతల కొత్త దిబ్బ తేలొచ్చు. అయితే పోయిన పట్టా దానికి చెల్లదు. చాలా లంకలకు అసలు భూసర్వేయే జరగలేదు.

లంక మీద ఇల్లు

రాష్ట్ర ప్రభుత్వం 2002–04లో చేయించిన సర్వే ప్రకారం 2,251 లంక గ్రామాల్లో 24.9 లక్షల మంది ఉన్నారు. వీరిలో అత్యధికులు బెంగాల్ మూలాలున్న ముస్లింలు. అక్షరాస్యత సుమారు 19 శాతం. 2001 జనగణనలో రాష్ట్ర సగటు 63 శాతం. మూడింట రెండొంతుల మంది దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నారు. అక్కడి పేదరికాన్ని చూడాలంటే ఈ అంకెల కంటే ఇంటిని చూడటం మేలు. గోడలు జనప పుల్లల తడికలు, పైన రేకులు, నిలబెట్టినవి వెదురు గుంజలు. ఎక్కువ ఖర్చు పెట్టేది రేకుల మీదే, ఎందుకంటే గట్టు బీటలు వారినప్పుడు వాటిని ఊడదీసి నాటుపడవలో వేసుకుని పోవచ్చు. సిమెంటు గోడను మోసుకుపోలేరు.

కొత్తగా తేలిన దిబ్బ మీద మొదట మొలిచేది రెల్లు. దాని వేళ్లు ఇసుకను పట్టి ఉంచాక రెండు మూడు వరదలకు ఒండ్రు చేరుతుంది. అప్పుడు మినుము, ఆవాలు, వేరుశనగ, నువ్వులు వేస్తారు. నేల ఇంకా బలపడితే జనపనార, వరి. ఇంటి చుట్టూ సొర, గుమ్మడి పాదులు పెట్టడం, మేకలు, బాతులు, ఆవులు చూసుకోవడం ఆడవాళ్ల పని. జనప కట్టలను నీళ్లలో నానబెట్టి నార ఒలిచేటప్పుడు వాళ్లూ చేతులు కలుపుతారు. నార బజారుకు పోతుంది, పుల్లలు ఇంట్లో మిగులుతాయి. వాటికి పేడ ముద్ద పట్టించి ఎండబెడితే వానాకాలానికి వంటచెరుకు. చెట్టు దొరకని ఇసుక దిబ్బ మీద ఈ పుల్లే పొయ్యిని వెలిగిస్తుంది.

వరద ముంచినప్పుడు వెదురు మంచె మీద వంట, అరటి బోదెలు కట్టిన తెప్ప మీద రాకపోకలు. నిండు గర్భిణికి నొప్పులొస్తే పడవ దొరకాలి, గాలి అనుకూలించాలి. 2005లో డిబ్రూగఢ్ వద్ద మొదలైన పడవ ఆసుపత్రులు తర్వాత 15 పడవలకు పెరిగి పలు జిల్లాల లంకలకు వెళ్తున్నాయి. అంతకుముందు ప్రసవాలు దాదాపు అన్నీ ఇళ్లలోనే జరిగేవి. ఇంట్లో పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం ఉండదు. ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత ఈ లోటు ఎంత ఖరీదైనదో తేలుతుంది.

వలస ఎప్పటిది?

1826లో యండబో సంధితో అస్సాం బ్రిటిష్ వారి చేతికి వచ్చింది. శిస్తు పెరగాలంటే వరద భూములు సాగులోకి రావాలి. 20వ శతాబ్దం తొలి దశకాల్లో మైమన్‌సింగ్, పాబ్నా, బోగ్రా, రంగ్‌పూర్ జిల్లాల నుంచి భూమి లేని ముస్లిం రైతు కుటుంబాలు లంకలకు తరలివచ్చాయి. 1905 నుంచి 1912 దాకా తూర్పు బెంగాల్, అస్సాం ఒకే పరిపాలన కింద ఉన్నాయి. అప్పటి ఈ రాకను దేశ సరిహద్దు దాటిన వలస అనడం చరిత్రకు సరిపోదు. ఇటువైపు స్థానికుల్లో భూమి, భాష చేజారిపోతాయన్న భయమూ అప్పుడే మొదలైంది. వలస వచ్చినవారు ఎక్కడి దాకా స్థిరపడవచ్చో గీత గీసే ‘లైన్ సిస్టమ్’ 1920లో వచ్చింది. ఆ భయాన్ని కొట్టిపారేయడం తప్పే, ఎందుకంటే తర్వాతి రాజకీయమంతా దాని మీదే నడిచింది.

దేశ విభజన, 1951 నాటి తొలి ఎన్‌ఆర్‌సీ, 1971 బంగ్లాదేశ్ యుద్ధం, విదేశీయులను పంపేయాలంటూ 1979–85లో సాగిన అస్సాం ఉద్యమం వరుసగా వచ్చాయి. 1985 ఆగస్టు 15న కుదిరిన అస్సాం ఒప్పందం బయటి నుంచి వచ్చినవారిలో ఎవరిని విదేశీయులుగా చూడాలో తేల్చడానికి 1971 మార్చి 24 అర్ధరాత్రిని గడువుగా నిర్ణయించింది. ఆ గడువును చేర్చిన పౌరసత్వ చట్టం 6ఏ సెక్షన్ చెల్లుతుందని 2024 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ధర్మాసనం 4–1 మెజారిటీతో తేల్చింది. అంటే తేదీ విషయంలో చట్టపరమైన సందిగ్ధం తీరింది. మిగిలింది రుజువు.

తండ్రితో ముడి ఎక్కడ తెగుతుంది?

ఎన్‌ఆర్‌సీ రెండు రకాల ఆధారాలు అడిగింది. దరఖాస్తుదారు లేదా వారి పూర్వీకుల పేరు 1971 మార్చి 24 గడువులోపు రికార్డులో ఉందని చూపడం మొదటిది. ఆ పూర్వీకుడికీ తమకూ ఉన్న సంబంధాన్ని మరో పత్రంతో నిరూపించడం రెండోది. జనన ధ్రువపత్రం, బోర్డు పరీక్ష సర్టిఫికెట్, భూమి పత్రం, ఓటరు జాబితా వంటివి ఈ రెండో రకం కిందికి వస్తాయి.

లంకలో పుట్టిన ఒక సాధారణ స్త్రీకి ఇవి ఎలా వర్తిస్తాయో వరుసగా చూస్తే లోపం తేటతెల్లమవుతుంది. ఇంట్లో పుట్టింది కాబట్టి జనన పత్రం లేదు. బడి ఐదో తరగతితో ఆగింది, లేదా బడే కోతకు పోయింది కాబట్టి బోర్డు సర్టిఫికెట్ లేదు. భూమి తండ్రి పేర, తర్వాత అన్నదమ్ముల పేర ఉంటుంది. ఇక మిగిలింది ఓటరు జాబితా. 1989 దాకా ఓటు హక్కు వయసు 21, తర్వాత 18. అమ్మాయికి అంతకంటే ముందే పెళ్లవుతుంది. ఆమె పేరు మొట్టమొదటిసారి ఓటరు జాబితాలోకి ఎక్కేది మెట్టినింటి ఊళ్లో, ఫలానా వారి భార్యగా. ఫలానా వారి కూతురిగా ఆమెను చూపే ప్రభుత్వ కాగితం ఒక్కటీ మిగలదు. అన్నదమ్ములు అదే ఊళ్లో, అదే తండ్రి కొడుకులుగా ఓటర్లయ్యారు. వాళ్లకు ముడి దొరికింది, ఆమెకు దొరకలేదు.

పేరు సంగతి మరో చిక్కు. లంకల్లో ఆడవాళ్ల పేరు చివరి మాట జీవిత దశను బట్టి మారుతుంది. కన్నెగా ఉన్నప్పుడు ఖాతూన్, పెళ్లయ్యాక బీబీ లేదా బేగం, భర్త పోయాక బేవా. పెళ్లితో ఇంటిపేరు మారి, పదో తరగతి సర్టిఫికెట్‌కూ ఆధార్‌కూ పొంతన కుదరక తిరిగిన తెలుగు స్త్రీలకు ఈ అవస్థ కొంత అర్థమవుతుంది. ఇక్కడ అది పాస్‌పోర్టు ఆలస్యం దగ్గర ఆగుతుంది. అక్కడ ముగ్గురు వేర్వేరు మనుషులన్న అనుమానానికి దారి తీస్తుంది. బెంగాలీలో పలికిన పేరును అస్సామీలో రాసి, దాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లోకి ఎక్కించే గుమాస్తాల చేతుల్లో అక్షరాలు మారడం దీనికి తోడు.

ఈ ఇబ్బంది ముందే ఊహించి, పెళ్లయి వెళ్లిన స్త్రీల కోసం నిబంధనల్లోనే ఒక వెసులుబాటు పెట్టారు. ఆమె ఫలానా వారి కూతురని, పెళ్లితో ఫలానా ఊరికి వచ్చిందని గ్రామ పంచాయతీ కార్యదర్శి ఇచ్చే ధ్రువపత్రం చెల్లుతుందన్నారు. సుమారు 48 లక్షల మంది దీన్ని జతచేశారు. అన్ని లక్షల మంది స్త్రీలకు పుట్టింటితో సంబంధం చూపడానికి వేరే కాగితం చేతిలో లేకపోవడమే ఈ సంఖ్యకు అర్థం. 2017 ఫిబ్రవరి 28న గౌహతి హైకోర్టు ఆ పత్రం చెల్లదంది. అదే ఏడాది డిసెంబరు 5న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టింది. పత్రం పౌరసత్వానికి రుజువు కాదు, సంబంధానికి ఆధారం మాత్రమే, నిజానిజాలు పరిశీలించి అంగీకరించవచ్చని చెప్పింది. ఈ తొమ్మిది నెలలూ లక్షల కుటుంబాల్లో ఆడవాళ్ల స్థితి గాల్లో వేలాడింది. తర్వాతా పరిశీలన కఠినంగానే సాగింది.

ట్రైబ్యునల్ నోటీసు ఎక్కడికి వస్తుంది?

ఎన్‌ఆర్‌సీతో సంబంధం లేకుండా మరో దారి ఉంది. సరిహద్దు పోలీసుల ఫిర్యాదుపైనో, 1997 నుంచి ఓటరు జాబితాలో పేరు పక్కన పడుతున్న ‘డీ’, అంటే సందేహాస్పద ఓటరు గుర్తుపైనో కేసు విదేశీయుల ట్రైబ్యునల్‌కు వెళ్తుంది. మామూలు నేర విచారణలో నేరం నిరూపించాల్సింది ప్రభుత్వం. ఇక్కడ తాను విదేశీని కానని నిరూపించుకోవాల్సింది నోటీసు అందుకున్న మనిషి. 1946 నాటి విదేశీయుల చట్టంలోని ఈ సూత్రమే, దాని స్థానంలో 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ కొనసాగింది.

నది, చట్టం ఎదురుపడేది ఈ నోటీసు దగ్గరే. నోటీసు రికార్డులో ఉన్న చిరునామాకు వెళ్తుంది. ఆ ఊరు కోతకు పోయి ఉండొచ్చు. ఊరివాళ్లు కొందరు మరో లంకకు, కొందరు గట్టు పక్క గుడిసెలకు, కొందరు గువాహటి ఇటుక బట్టీలకు, కట్టడాల పనికి చెదిరి ఉండొచ్చు. నోటీసు అందకపోతే గడువు గడిచిపోతుంది, మనిషి హాజరు లేకుండానే తీర్పు వస్తుంది. 1985 నుంచి 2019 ఫిబ్రవరి దాకా ఇలా ఏకపక్షంగా విదేశీయులుగా ప్రకటించినవారు 63,959 మంది అని అప్పటి కేంద్ర హోంశాఖ సహాయమంత్రి జి. కిషన్‌రెడ్డి 2019 జూలైలో లోక్‌సభకు తెలిపారు. ఇందులో కోత వల్ల ఊరు మారినవారెందరో విడిగా లెక్కించలేదు. లెక్కించాల్సిన విషయమని ఎవరికీ తోచకపోవడమే అసలు లోపం.

మతం పాత్ర ఇక్కడే నేరుగా కనిపిస్తుంది. కాగితం లేకపోవడం అందరికీ జరగొచ్చు, తర్వాత తెరుచుకునే దారి మాత్రం అందరికీ ఒకటి కాదు. 2014 డిసెంబరు 31 నాటికి పాకిస్థాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్థాన్ నుంచి వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులకు 2019 పౌరసత్వ సవరణ చట్టం ఒక మార్గం చూపింది. అందులో ముస్లింలు లేరు. కాబట్టి ఒకే తరహా పొరపాటు ఇద్దరు స్త్రీల కాగితాల్లో ఉన్నా, ముస్లిం స్త్రీకి కోర్టు తప్ప మరో తలుపు లేదు. ట్రైబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకు రిట్ వేయాలి. దానికి వకీలు ఫీజు, గువాహటి ప్రయాణాలు. మేకలు, ఆవులు అమ్మేది అప్పుడే. అవి ఆ ఇంట్లో ఆమె పెంచినవి, ఆమె చేతి కింద ఆడే కాస్త డబ్బూ వాటి నుంచి వచ్చేదే.

కోత బాధితులా, ఆక్రమణదారులా?

ఊరు కోల్పోయినవాళ్లు ఎక్కడో ఒకచోట దిగాలి. ఖాళీగా కనిపించేది ప్రభుత్వ భూమి, పశువుల మేత భూమి, అడవి అంచు, లేదా మరో లంక. దిగిన రోజు నుంచి వాళ్లు రికార్డులో ఆక్రమణదారులు. 2021 సెప్టెంబరు 23న దరాంగ్ జిల్లా ధల్‌పూర్‌లో గోరుఖుటి వ్యవసాయ ప్రాజెక్టు కోసం ఇళ్లు తొలగించినప్పుడు పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. వారిలో ఒకరు 12 ఏళ్ల బాలుడు. అక్కడి కుటుంబాల్లో చాలామంది ఇతర ప్రాంతాల్లో నది కోతకు నిర్వాసితులై దశాబ్దాల కిందట వచ్చి స్థిరపడ్డామని చెప్పుకున్నారు. ప్రభుత్వం వారిని అక్రమంగా భూమి పట్టినవారిగానే చూసింది.

అడవి భూములు, అభయారణ్యాల రక్షణ నిజమైన అవసరమే. ఆ రక్షణకు అడ్డుపడుతున్నవారిలో నదికి భూమి పోగొట్టుకున్నవారు ఎందరో, వేరే భూమి ఉండీ ఆక్రమించినవారు ఎందరో విడదీయకుండా అందరినీ ఒకే గాటన కట్టడం మాత్రం పరిష్కారం కాదు. ఖాళీ చేయించిన కుటుంబం ఇంకో లంకకే పోతుంది.

కోనసీమ లంకలతో పోల్చి చూస్తే తేడా స్పష్టం. గోదావరి కూడా ఏటా లంక భూములను కోస్తుంది, కొబ్బరి తోటలు నీళ్లలో పడతాయి, పరిహారం చాలదని రైతులు ఆందోళన చేస్తారు. కానీ అక్కడ నష్టం భూమి దగ్గర ఆగుతుంది. తోట పోయిన మహిళను నీది ఏ దేశమని ఎవరూ అడగరు. బ్రహ్మపుత్ర లంకల్లో అదే కోత పౌరసత్వం దాకా పాకుతుంది.

విపత్తు సాయం విషయంలోనూ కోత చాలాకాలం వెనుక వరుసలోనే ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి కోత నివారణకు రూ.1,500 కోట్లు, కోత వల్ల నిర్వాసితులైనవారి పునరావాసానికి రూ.1,000 కోట్లు దేశవ్యాప్తంగా కేటాయించాలని సిఫారసు చేయడం పెద్ద మార్పు. పునరావాసం అనే మాట అధికారిక లెక్కల్లోకి వచ్చింది. అయితే సాయం పొందాలన్నా మొదట అడిగేది పోయిన భూమి కాగితమే.

ఇక ముందు

రెండు మూడు మార్పులు ప్రభావం చూపే వీలుంది. పేరులో అక్షర భేదాలు, తేదీల్లో చిన్న తేడాలు చూపి మనిషిని విదేశీ అనలేరని, తగిన ఆధారం లేకుండా ఎవరినైనా పిలిచి పౌరసత్వం నిరూపించుకోమనడం కుదరదని 2024 జూలైలో సుప్రీంకోర్టు ఒక అస్సాం కేసులో చెప్పింది. ఖాతూన్ నుంచి బేవా దాకా పేరు మారిన స్త్రీలకు ఇది నేరుగా పనికొచ్చే తీర్పు. ట్రైబ్యునళ్లు దాన్ని ఎంతవరకు పాటిస్తాయన్నదాని మీద ఫలితం ఉంటుంది.

రెండోది పెళ్లి నమోదు. 1935 నాటి చట్టం కింద ముస్లిం వివాహాల నమోదు ఐచ్ఛికం. దాని స్థానంలో 2024లో వచ్చిన అస్సాం చట్టం నమోదును తప్పనిసరి చేసింది. దాని వెనుక ఉన్న రాజకీయ ఉద్దేశాలపై వాదనలున్నా, తండ్రి పేరు, పుట్టిన ఊరు, మెట్టిన ఊరు ఒకే కాగితం మీద ఉండటం రాబోయే తరం ఆడపిల్లలకు రక్షణే. ఇప్పటికే నలభై, యాభై ఏళ్లు దాటిన స్త్రీలకు మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ లేదు. వారికి కావలసింది పాత పంచాయతీ పత్రాలను, ఊరి పెద్దల సాక్ష్యాన్ని, తోబుట్టువుల రికార్డులను కలిపి చూసే పద్ధతి. ఏ ఏడాది ఏ ఊళ్లో ఎంత కోతకు పోయిందన్న అంచనాలు ప్రభుత్వ శాఖల దగ్గరే ఉన్నాయి. నోటీసు పంపే ముందు ఆ చిరునామా నేల మీద ఉందో లేదో వాటితో సరిచూడటం పెద్ద పనేమీ కాదు.

ఇక ఎన్‌ఆర్‌సీలో పేరు లేనివారి సంగతి. వారి తరఫున వాదన మొదలుకావాలంటే ముందుగా తిరస్కరణ పత్రం అందాలి, అది అందిన రోజు నుంచి అప్పీలుకు 120 రోజుల గడువు. జాబితా వెలువడి ఏళ్లు గడిచినా ఆ పత్రాలు జారీ కాలేదు. పరిశీలన సమయంలో వేలిముద్రలు ఇచ్చి, ఆధార్ నిలిచిపోయినవారిలో 9.35 లక్షల మందికి 2024 ఆగస్టులో దారి తెరిచారు. రేషన్, బ్యాంకు ఖాతా వంటివి కొంత సులువయ్యాయి. పౌరురాలా కాదా అన్న ప్రశ్నకు మాత్రం ఆధార్ జవాబు కాదు. ఆ జవాబు కోసం వెళ్లే అర్హత ఇచ్చే కాగితం ఇంకా కార్యాలయం దాటలేదు.